వంకాయ రంగు ఫ్లెక్సీ

ఏప్రిల్ వచ్చిందంటే గురజాలలో నా ఫ్లెక్సీల షాపు నిండా ర్యాంకులే. గోడలకు ర్యాంకులు, నేలమీద ర్యాంకులు, సిరా ఆరడానికి బయట ఎండలో పరిచిన ర్యాంకులు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, నాయకులకు స్వాగతాలు ఏడాది పొడుగునా ఉంటాయి గానీ ఈ రెండు నెలలూ మాత్రం ప్రైవేటు బడుల రాజ్యం. కోటూ టై వేసుకున్న పిల్లలు, వాళ్ళ కింద మార్కులు, పైన ఏసీ బస్సు బొమ్మ. కోటు లేని పిల్లలకు కంప్యూటర్లో మేమే తొడుగుతాం. మొన్న అలాంటి ఒకటి సరిచూస్తుంటే, దాన్ని పట్టుకుపోవడానికి వచ్చిన స్కూలు వ్యాను డ్రైవరు టీ తాగుతూ, "మీ వంకాయ రంగు మేడం పోయిందంట, తెలుసా? చలికాలంలోనేనంట" అన్నాడు.

నాకు తెలియదు. నాకు ఎవరు చెబుతారు? ఆమెకు నేను చుట్టమూ కాదు, శిష్యుణ్ణీ కాదు. ఫ్లెక్సీలు వేసిచ్చినవాణ్ణి. డ్రైవరు వెళ్ళాక షట్టరు సగం దించి కాసేపు ఊరికే కూర్చున్నాను. కళ్ళు తడిశాయని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఆమె పేరు నాకు తెలుసు, బిల్లు మీద రాసేవాణ్ణి. కానీ ఈ చుట్టుపక్కల ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు లేరు గనక నేనూ ఇక్కడ రాయను.

గురజాలకు దగ్గర్లోని ఒక ఊళ్ళో సర్కారు ప్రాథమిక పాఠశాలకు ఆమె హెడ్మిస్ట్రెస్. మొదటిసారి షాపుకు వచ్చినప్పుడు గొడుగు మూసి, భుజాన గుడ్డసంచీతో గుమ్మంలోనే నిలబడి, వేలాడుతున్న ఫ్లెక్సీలన్నీ వరసగా చూసింది. మార్కులు కాదు, మొహాలు. "ఈ పిల్లకు సొట్టబుగ్గలు చూడు. ఈ పిల్లాడికి పాపం నిద్ర చాలినట్టు లేదు" అంటూ బంధువుల పెళ్ళి ఆల్బం తిరగేసినట్టు తిరిగి, చివరికి నా దగ్గరికి వచ్చి, "మనకేం తక్కువ అబ్బాయ్? మాకూ ఒకటి వెయ్యి" అంది.

"సర్కారు బడికి ఫ్లెక్సీ ఏంది మేడమ్? ఎవరన్నా నవ్వుతారు" అన్నాను.

"నవ్వితే మంచిదే, అటు చూస్తారు. పొద్దున్నే వ్యాను వచ్చి హారన్ కొడుతుంది. ఊళ్ళో పిల్లలందరూ పరుగెత్తుకెళ్ళి ఎక్కేస్తున్నారు. మేం లోపల గంట కొట్టుకుని కూర్చుంటే ఎవరికి వినపడుతుంది చెప్పు."

మనకేం తక్కువ అన్నది ఆమె ఊతపదం. బడికి ప్రహరీ సగమే ఉన్నా అదే మాట, కుళాయిలో నీళ్ళు రాకపోయినా అదే మాట. మొదట్లో నాకు చిరాకేసేది. తక్కువేమిటో నేను చెప్పగలను, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా. కానీ ఆమె ఆ మాట అనేటప్పుడు ఎదుటివాణ్ణి కాదు, తన్ను తాను ఒప్పించుకుంటున్నట్టు ఉండేది, అందుకని ఊరుకునేవాణ్ణి.

ఆ మొదటి ఫ్లెక్సీ సంగతి చెప్పాలి. ఆమెది తెనాలి వైపు. బదిలీ మీద మా వైపుకు వచ్చి అప్పటికి ఎక్కువకాలం కాలేదు. వెనక రంగు ఏది వేయమంటారని అడిగితే కంప్యూటర్లో చూసి ఒక రంగు మీద వేలు పెట్టింది. "ఇది నిండుగా ఉంది" అంది. ఆ రంగు ఏదో నేను చెప్పను. చెబితే ఈ రాతకూ ఒక పార్టీ అంటగడతారు. మా పల్నాడులో రంగంటే ఒట్టి రంగు కాదు. ఇంటి గోడకు వేసింది, ట్రాక్టరుకు పూసింది, ఎద్దు కొమ్ములకు రాసింది చూసి మనిషి ఎటువైపో చెప్పేస్తారు. ఓహో, మేడం ఆ పార్టీ అన్నమాట అనుకుని నేను నోరు మూసుకుని వేసిచ్చాను. రంగు గురించి ప్రశ్నలు వేసే వ్యాపారి మా దగ్గర నాలుగు కాలాలపాటు వ్యాపారం చేయలేడు.

వారం తిరక్కముందే ఆ ఫ్లెక్సీ చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వచ్చింది. ఆ ఊరు రెండు వర్గాలు. ఎగువ బజారు ఒకటి, దిగువ బజారు ఒకటి. ఫ్లెక్సీ కట్టిన మర్నాటినుంచి దిగువ బజారు పిల్లలు బడికి రావడం లేదు. మేడం అవతలి వాళ్ళ మనిషంట అని ఊరంతా పాకింది.

"ఇలా అవుతుందని నీకు తెలుసా?" అని అడిగింది.

"తెలుసు మేడమ్."

"మరి చెప్పలేదేం?"

"మీకు తెలిసే ఏపిస్తన్నారనుకున్నా. మీరు ఆళ్ళ మనిషేనేమో అని."

ఆమె తిడుతుందనుకున్నాను. స్టూలు మీద కూలబడి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నాకు చీరల రంగులు తప్ప ఇంకేం తెలియదు నాయనా" అంది. ఆ తర్వాత ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని రంగులు వెతికాం. ఇది? వాళ్ళది. ఇది? వీళ్ళది. ఇది? వాళ్ళతో పొత్తులో ఉన్నవాళ్ళది. ఇది? ఇప్పుడు లేరు గానీ పోయిన ఎన్నికల్లో ఉన్నారు. చివరికి ఒక మూలన ముదురు ఊదా రంగు కనపడింది. "ఇదెవరిది?" అంది అనుమానంగా. "వంకాయది మేడమ్" అన్నాను.

దాన్ని కట్టడానికి నేనే వెళ్ళాను. దిగువ బజారు పెద్దాయన ఒకడు వచ్చి ఫ్లెక్సీ ముందూ వెనకా చూశాడు. "కొత్త పార్టీ ఏదన్నా పెడతన్నారా అమ్మా?" అన్నాడు.

"లేదు బాబాయ్, వంకాయ రంగు."

"ఒట్టి వంకాయేనా? ఏదన్నా మతలబుందా?"

"ఉంది. మీ మనవరాలిని పంపండి, చెప్తాను" అంది.

పెద్దాయన నవ్వాపుకున్నాడు. మనవరాలు మర్నాడు వచ్చిందట. మిగిలినవాళ్ళ కోసం మాత్రం ఆమె దిగువ బజారులో గడప గడపా ఎక్కి దిగింది. అందరూ తిరిగి రావడానికి ఆ వేసవంతా పట్టింది. అప్పటినుంచి ఆమెకు వంకాయ రంగు మేడం అని పేరు స్థిరపడిపోయింది, ఆమె కట్టే చీరల్లో ఆ రంగు ఒక్కటి కూడా లేకపోయినా.

ఆ తర్వాత ఏటా మిరపకాయలు కల్లాలకు చేరే రోజుల్లో వచ్చేది. ఒకసారి నేను, ఇందరి ఫోటోలు వేస్తున్నాం, మీ ఫోటో వేద్దాం, ఊరు మిమ్మల్ని చూసే పిల్లల్ని పంపుతోంది అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. నాయకుల ఫోటోలు కూడా వద్దంది. ఎవరి తలకాయ పెద్దగా వచ్చిందో కొలవడానికి మా ఊళ్ళో స్కేళ్ళు పట్టుకుని వస్తారు అంది. మా ఊళ్ళో అనడం అప్పటికే అలవాటైపోయింది ఆమెకు.

ఆమె ప్రచారం అసలు జరిగేది ఫ్లెక్సీ దగ్గర కాదు, కల్లాల్లో. మార్చి, ఏప్రిల్ నెలల్లో మా వైపు తల్లులు ఇళ్ళ దగ్గర దొరకరు. పొలాల పక్కన ఎర్రగా పరిచిన మిరపకాయల మధ్య కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పోస్తుంటారు. ఆమె వెళ్ళి వాళ్ళ మధ్య గోతం పరుచుకుని కూర్చునేది. తడిపిన తువ్వాలు ముక్కుకు కట్టుకుని, తానూ తాలు ఏరుతూ మాట్లాడేది. ఆ ఘాటుకు రెండు మాటలకొక తుమ్ము. "మీ పిల్లను మా బళ్ళో, హాచ్, వేస్తే" అని ఆమె అంటుంటే ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు.

మూడో ఏడు ఫ్లెక్సీకి పిల్లల ఫోటోలు తీయాలని నన్నూ ఒక కల్లానికి రమ్మంది. మేం వెళ్ళేసరికి అక్కడ ఒక ప్రైవేటు బడి టీచరు ఉంది. ఇరవయ్యేళ్ళుంటాయేమో, ఇస్త్రీ చీర, చేతిలో కరపత్రాలు, ఘాటుకు కళ్ళూ ముక్కూ ఎర్రబడి ఏడుస్తున్నట్టే ఉంది. ఇంతమందిని చేర్పిస్తేనే వేసవి జీతమని వాళ్ళ బడి వాళ్ళు చెప్పారట. మేడం తన సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఇచ్చింది. "ముందొచ్చావు, ముందు నువ్వు చెప్పుకోమ్మా. తువ్వాలు కట్టుకుని మాట్లాడు" అంది. నాకు ఒళ్ళు మండింది. బజారులో పక్క కొట్టువాడికి గిరాకీ అప్పజెప్పే వ్యాపారిని నేనెక్కడా చూడలేదు. ప్రైవేటు బడుల్ని ఆమె ఎన్నడూ ఒక్క మాట అనలేదు. వాళ్ళ తిప్పలు వాళ్ళవి అనేది.

ఆ టీచరు వెళ్ళిపోయాక అంజమ్మ అనే ఆమె అసలు ప్రశ్న అడిగింది. ఆమె పెనిమిటి క్వారీలో రాళ్ళ లారీ తోలతాడు. కొడుకును వ్యాను ఎక్కించి, కూతురు దుర్గను సర్కారు బడికి పంపుతోంది.

"ఇన్ని చెప్తన్నారు గదా మేడమ్, మీ పిల్లోడు యాడ చదివాడు?"

ఈ ప్రశ్న సర్కారు టీచర్లందరికీ తగులుతుంది. కొందరు నీళ్ళు నములుతారు, కొందరికి వెంటనే ఫోను వస్తుంది. ఆమె చేతిలోని కాయలు కింద పెట్టింది.

"ప్రైవేటులోనే అంజమ్మా. నాకూ అప్పుడు నీలాగే భయమేసింది, వెనకబడిపోతాడేమోనని. నేను చెప్పే బడి మీదే నాకు నమ్మకం లేకపోయింది. ఇప్పుడుంది. కానీ వాడిప్పుడు ఒకటో తరగతిలో లేడు గదా."

అప్పుడామె గట్టు మీద పడివున్న పురుగుమందు డబ్బా చూపించి, అన్నాచెల్లెళ్ళిద్దరినీ పిలిచి, దానిమీద ఏం రాసుందో చదవమంది. కొడుకు తెలుగు అక్షరాల దగ్గర తడబడ్డాడు. రెండో తరగతి దుర్గ మోకాళ్ళ మీద కూర్చుని, డబ్బా ముట్టుకోకుండా, వేలు గాలిలో ఆడిస్తూ కూడబలుక్కుని చదివింది. "పిల్లలకు... దూరముగా... ఉంచవలెను." అంజమ్మ లేచివెళ్ళి ఆ డబ్బా తీసి చెట్టు కొమ్మకు తగిలించి వచ్చింది. కొడుకు మొహం చిన్నబోయింది. మేడం అది చూసింది. "వాడికి ఇంగ్లీషు పాట వచ్చు. పాడరా నాన్నా, మా అందరికీ వినాలనుంది" అంది. వాడు పాడాడు, అందరం చప్పట్లు కొట్టాం.

"కొడుక్కి వ్యాను, కూతురికి నేనూనా?" అంది వచ్చేటప్పుడు అంజమ్మతో, నవ్వుతూనే. "సరే, కూతుర్నే ఇవ్వు. నేనున్నాను గదా."

ఆ ఏడు ఆమె బడిలో పిల్లలు పెరిగారు. పెరిగినా లాభం లేకపోయింది. హైస్కూళ్ళకు దగ్గర్లో ఉన్న చిన్నబడుల నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్ళలో కలిపేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఈ ఊరికి హైస్కూలు మెయిన్ రోడ్డుకు అవతల ఉంది. కాగితం మీద దగ్గరే. ఆ రోడ్డు మీద మాత్రం పొద్దస్తమానం రాళ్ళ లారీలు తిరుగుతుంటాయి. మగపిల్లల్ని తల్లిదండ్రులు ఎలాగూ వ్యాను ఎక్కిస్తారు. ఆడపిల్లల సంగతే తేలాలి. ఆమె అర్జీ టైపు చేయించడానికి షాపుకు వచ్చింది. ఆ రోజు మనకేం తక్కువ అనలేదు.

అర్జీ మీద రెండు బజార్ల పెద్దమనుషులూ సంతకం పెట్టాలి. ముందెవరు పెట్టాలి? కింద పేరుండటానికి ఎగువ వాళ్ళు ఒప్పుకోరు, దిగువ వాళ్ళు అసలే ఒప్పుకోరు. ఆమె కాసేపు ఆలోచించి, కాగితం అడుగున పెద్ద గుండ్రం గీయమంది. సంతకాలు దాని చుట్టూ పెట్టించింది. మొదలూ లేదు, చివరా లేదు. మండల ఆఫీసుకు ఆమెతో నేనూ వెళ్ళాను. అక్కడి అధికారి కాగితం అటూ ఇటూ తిప్పి, "ఏందమ్మా ఇది, ముగ్గా?" అన్నాడు. సంగతి చెబితే చాలాసేపు దానివంకే చూశాడు. "ఆ రెండు వర్గాలూ ఒక కాగితం మీదికి రావడం నా సర్వీసులో చూడలా మేడమ్. కానీ నా చేతుల్లో లేదు, పైకి పంపిస్తా" అన్నాడు. పంపించాడు కూడా. ఎమ్మెల్యే ఇంటి వరండాలోనూ ఆమె పడిగాపులు కాసింది. ఉత్తర్వు మారలేదు. ఒకటీ రెండూ తరగతులు మాత్రం ఆమెకు మిగిలాయి.

మే ఆఖర్లో మళ్ళీ వచ్చింది. ఈసారి ఫ్లెక్సీ రోడ్డు అవతలి హైస్కూలుకు. మూడో తరగతి నుంచి పిల్లలందరినీ అక్కడికి పంపండి అని పెద్దక్షరాల్లో వేయమంది. నాకు మతిపోయింది.

"మీ పిల్లల్ని లాక్కున్న బడికి మీరు ఏపియ్యడమేంది మేడమ్? కావాలంటే ఆళ్ళే ఏపిచ్చుకుంటారు."

ఆమెకు కోపం రావడం అప్పుడే చూశాను. "లాక్కోవడానికి వాళ్ళేమన్నా బస్తాలా? అక్కడికి పోకపోతే ఎక్కడికి పోతారు చెప్పు. మగపిల్లలకు వ్యానుంది. ఆడపిల్లలకు కల్లముంది. కావాల్సినంత పెద్దగా వెయ్యి, మాట్లాడకు."

బడులు తెరిచిన రోజు పొద్దున్నే ఆ ఫ్లెక్సీని రోడ్డు పక్కన కట్టడానికి వెళ్ళాను. ఆమె అప్పటికే గొడుగుతో అక్కడ నిలబడి ఉంది. పిల్లలు ఇద్దరిద్దరుగా వస్తున్నారు. లారీ వస్తుంటే గొడుగు అడ్డం చాచి ఆపి, వాళ్ళను దాటించి, మళ్ళీ ఇవతలికి వచ్చేది. అందరూ వచ్చారు, దుర్గ రాలేదు. అవతల గంట కొట్టారు.

"ఒక్క పిల్లే గదా మేడమ్, రేపొస్తదిలే" అన్నాను.

"మొదటిరోజు రాకపోతే ఇంక రాదు. బండి తియ్యి."

అంజమ్మ ఇంటి ముందు క్యారేజీ సర్దుకుంటోంది, పత్తి గింజలు నాటే కూలికి. పక్కనే దుర్గ నీళ్ళ క్యాను పట్టుకుని నిలబడి ఉంది. మేడాన్ని చూసి క్యాను వెనక్కి దాచుకుంది, పాపం.

"ఏమనుకోమాకండి మేడమ్" అంది అంజమ్మ. "మిమ్మల్ని చూసి పంపిచ్చా. ఆ బడెవరిదో, ఆ సార్లెవరో నాకు తెలవదు. మా ఆయన తోలేది ఆ లారీలే, ఎట్టా తోలతారో నాకు ఎరుకే. మీరు ఆ బడికి రండి, ఇప్పుడే పంపిస్తా. మీరే గదా నేనున్నానని చెప్పింది."

మూడేళ్ళు కల్లాల్లో కూర్చుని, తుమ్ముకుంటూ, మేడం ఆ ఊరిచేత నమ్మించింది బడిని కాదు, తనని. అది నాకు అప్పుడు తెలిసింది. ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది. అరుగు మీద కూర్చుని గొడుగు ఒళ్ళో పెట్టుకుంది.

"నేను రాలేను అంజమ్మా. అక్కడ నాకు చోటు లేదు. నన్ను చూసి పంపానన్నావు. ఆ నేనే చెప్తున్నాను, పంపు. అక్కడున్నవాళ్ళూ నాలాంటివాళ్ళే. నా మాట మీద ఇప్పటిదాకా నీకు నమ్మకముంటే ఈ ఒక్కసారి కూడా నమ్ము."

అంజమ్మ ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది. కూలి ఆటో వచ్చి హారన్ కొట్టింది, వెళ్ళిపోయింది. చివరికి కూతురి చేతిలోంచి క్యాను తీసుకుంది. లోపలికెళ్ళి బడిసంచీ తెచ్చి దాని భుజానికి తగిలించింది.

"ఆ లారీల కాడ చెయ్యి వదలమాకండి మేడమ్" అంది.

ముగ్గురం నా బండి మీదే వచ్చాం. మేడం రోడ్డు దాటించి గేటు దాకా తీసుకెళ్ళింది. నేను వెనకే నడిచాను. గేటు దగ్గర ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.

"మీరు లోపలికి రారా మేడమ్?"

"గేటు దాకానే తల్లీ."

"రేపు?"

"రేపు రోడ్డు దాకా వస్తాను."

"ఎల్లుండి?"

మేడం గొడుగు చంకలో పెట్టుకుంది. తన చేతిని చుట్టుకున్న ఆ చిన్న వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది. పిల్ల భుజాలు పట్టుకుని తరగతి గదుల వైపు తిప్పి, "పో. వెనక్కి చూడకు" అంది.

దుర్గ చెప్పిన మాట వినే పిల్ల. వెనక్కి చూడకుండానే మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయింది. ఒక్కసారి చూస్తే బాగుండునని మేడానికి ఎంత ఉందో, ఆమె ఇంకా ఆ గేటు పట్టుకునే నిలబడి ఉండటం చూస్తే నాకు తెలిసింది.